నా చెవుల పటం

ముందుగా ఒక క్షమాపణ. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇది రాయడానికి వానాకాలమంతా పట్టింది. తప్పులు దిద్దింది నా కొడుకు దయాకర్. వాడు అక్షరాలే దిద్దాడు, జరిగినదాన్ని దిద్దలేదు. దిద్దొద్దని నేనే చెప్పాను.

మాది జమ్మికుంట దగ్గర సన్నాయి మేళం వాయించే ఇల్లు. నా భర్త సాంబయ్యది డోలు. పెళ్లిలో పుస్తె కట్టే క్షణానికి పంతులు వేలు పైకెత్తుతాడు. అప్పుడు డోలూ సన్నాయీ ఒక్కసారిగా పెద్దగా లేవాలి. దాన్ని గట్టిమేళం అంటారు. ఆ క్షణాన ఎవరి తుమ్మూ, ఏ చెడ్డ మాటా పెళ్లికూతురి చెవిన పడకూడదని ఆ ఆచారం. పడకుండా కాసే మనిషి చెవులు ఏమవుతాయో ఎవరూ అడగరు. నలభై నిండేసరికి సాంబయ్యకు ఎదురుగా నిలబడి మాట్లాడితే తప్ప వినపడేది కాదు.

ఆ సంగతి బయటపడితే ఇక పెళ్లిళ్లకు ఎవరూ పిలవరు. అందుకని ప్రతి పెళ్లికీ నేనూ వెళ్లేదాన్ని. ఆడవాళ్ల వరుసలో ఆయనకు కనిపించేచోట కూర్చుని, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకునేదాన్ని. జనం అడ్డమై పంతులు వేలు ఆయనకు కనపడేది కాదు, కేక వినపడేది కాదు. నేను బొటనవేలు లేపేదాన్ని. ఆయన డోలు అందుకునేవాడు. పదకొండేళ్లు అలా నడిచింది. ఒకసారి హుజూరాబాద్‌లో నా వేలి మీదికి చీమ పాకితే విదిలించాను. పంతులు ఇంకా గణపతి పూజలోనే ఉన్నాడు. గట్టిమేళం మోగింది. పెళ్లికొడుకు కంగారుపడి పుస్తె కోసం పళ్లెం తడిమాడు.

"ఏం సాంబయ్యా, గంత తొందరేంది? పెండ్లి నీదా, ఆ పిలగానిదా?" అన్నాడు పంతులు.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇగ నుంచి చీమలు లేని జాగ చూసి కూసో" అన్నాడు. మేం చేస్తున్నది మోసమని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. ఒకరి చెవి పనిచేయకపోతే ఇంకొకరి చెవి పనిచేస్తుంది, సంసారమంటే అదే కదా అనుకున్నాం.

సాంబయ్య జ్వరంతో పోయాడు. అప్పటికి మేళాలు తగ్గి డీజేలు వచ్చాయి. దయాకర్ డోలు ముట్టలేదు. వ్యాను మీద నిలువెత్తు బాక్సులు కట్టి ఊరేగింపులకు వెళ్లేవాడు. చుట్టుపక్కల డీజే దయా అంటే తెలియనివాళ్లు లేరు. బాక్సుల ముందు నిలబడితే గుండె మీద ఎవరో గుద్దుతున్నట్టుండేది. మా ఇంటి గోడకు పెట్టిన సాంబయ్య ఫొటో, వాడు పాట సరిచూసుకుంటుంటే, మేకు మీదే అటూ ఇటూ ఊగేది.

ఒక వైద్య శిబిరంలో వాడికి మెత్తటి నురగతో చేసిన చెవి బిరడాలు ఇచ్చారు. వాటిని వాడు వైర్లు కదలకుండా సందుల్లో కుక్కేవాడు.

"నీ నాయిన గతి జూసినవ్ గదరా. అవి చెవులల్ల పెట్టుకో" అన్నాను.

"అమ్మా, చెవులు మూసుకున్న డీజే అంటే కండ్లు మూసుకున్న డ్రైవర్ లెక్క. ఎవడన్న బండెక్కుతడా?"

"గంటకొక్కసారన్న బాక్సుల కాడి నుంచి దూరం పోయి కూసో మరి."

"పోతా, పోతా. పెండ్లికొడుకును గూడ తోలుకపోతా, ఇద్దరం ఆడ కూసుంటం."

వాడితో మాట్లాడి నెగ్గడం కష్టం. ఇరవై ఏడో ఏట వాడి చెవుల్లో గుయ్‌మని మోత మొదలైంది. ఊరేగింపు అయిన మర్నాటికి తగ్గేది. తరవాత మూడు రోజులకు తగ్గేది. తరవాత తగ్గలేదు. ఒక మధ్యాహ్నం నేనూ వ్యానులో వాడితో ఉన్నప్పుడు, పరకాలలో పెళ్లి బారాత్ నడుస్తుంటే ఒక ముసలాయన రెండు చెవులూ మూసుకుని వ్యాను దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఆ ఈల జర బంజెయ్యి. పానం పోతాంది" అన్నాడు.

మైకు బాక్సుకు ఎదురుపడి సన్నగా, సూది దిగినట్టు ఈల వేస్తోంది. పిల్లలు ఏడుస్తున్నారు. వీధిలో ప్రతివాడికీ వినపడుతోంది. దయాకర్ ముసలాయన పెదవుల వంక చూసి, "ఏ ఈల?" అన్నాడు. ఆ చూపు నాకు తెలుసు. సాంబయ్య పెదవుల వంక అట్లాగే చూసేవాడు.

హన్మకొండలో చెవుల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాల ఉందని, అక్కడ డాక్టర్ హైమవతి కొత్త మందు కనిపెట్టిందని, మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి కూడా వచ్చిందని వాడే తెలుసుకుని వచ్చాడు. ఇద్దరం వెళ్లాం.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. ఆమె మాకు తెర మీద చెవి లోపలిది చూపించింది. నత్తగుల్లలాంటి చుట్టలో సన్నటి వెంట్రుకలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి.

"మీరు ఎప్పుడైనా నాట్లు వేశారా?" అని నన్ను అడిగింది.

"పదిహేనేండ్లు ఏసిన."

"అయితే మీకు తొందరగా అర్థమవుతుంది. ఇది నారుమడి అనుకోండి. ఒక్కో చోట ఒక్కో శబ్దానికి నారు. పెద్ద శబ్దం వరదలాంటిది. నారంతా పడిపోతుంది. వరద తీసి రెండు రోజులు ఆరితే కొంత లేస్తుంది. ఆరకముందే మళ్లీ వరద వస్తే కుళ్లిపోతుంది. మనిషి చెవిలో కుళ్లినది మళ్లీ మొలవదు. మీ అబ్బాయికి పై శబ్దాల వైపు, అంటే సన్నటి శబ్దాల వైపు, పలచబడి ఉంటుంది."

ఆమె ఒక చిన్న సీసా చూపించింది. అందులో పల్చటి జిగురు. దాన్ని వాళ్లు నారు మందు అనేవాళ్లు. ప్రాణమున్న మందు అది. చెవిలోకి ఎక్కిస్తే దట్టంగా ఉన్నచోట నారు తీసి, అక్కడే పిలకలు పెంచి, పలచగా ఉన్నచోట నాటుతుంది. పదహారు రోజుల పని.

"దానికి కళ్లు లేవు" అంది డాక్టరమ్మ. "ఎక్కడ దట్టమో, ఎక్కడ పలచనో మనమే పటం గీసి ఇవ్వాలి. ఆ పటం ఈ వినికిడి పరీక్షతో వస్తుంది. తప్పు పటం ఇస్తే తప్పు చోట పీకుతుంది. ఇది పాసు, ఫెయిలు లేని పరీక్ష. వినపడితే మీట నొక్కు, వినపడకపోతే ఊరుకో. అంతే."

మేమిద్దరం తల ఊపాం. కానీ ఆ ఏడే సౌండు వ్యాన్లు నడిపేవాళ్లకు కొత్త నియమం వచ్చింది. చెవులు బాగున్నట్టు కాయితం ఉంటేనే లైసెన్సు. దయాకర్ రెండుసార్లు అడిగాడు.

"మేడమ్, ఈ రిపోర్టు లైసెన్సు ఆఫీసుకు పోతదా?"

"పోదు. ఇక్కడే ఉంటుంది."

బయటికి వచ్చాక వాడు నాతో, "అందరు గట్లనే అంటరు" అన్నాడు. పరీక్ష అనే మాటకు మా ఇంట్లో ఒక్కటే అర్థం. పనిలో ఉండడమా, పోవడమా.

పరీక్ష గది చిన్నది. గోడలకు మందంగా మెత్తటి పలకలు కొట్టారు. తలుపు వేస్తే మన నెత్తురు పారే చప్పుడు మనకే వినపడుతుంది. శబ్దాలు ఒక చిన్న బాక్సులో నుంచి వస్తాయి. ఒకసారి ఎడమ చెవి, ఒకసారి కుడి చెవి గట్టిగా మూసి రెండో చెవిని పరీక్షిస్తారు. మూసిన గదిలో వాడికి ఊపిరాడదని నేనే చెప్పి లోపల కూర్చోవడానికి అడిగాను. డాక్టరమ్మ మూలన ఒక కుర్చీ వేయించింది. "కదలకండి, మాట్లాడకండి" అంది. ఆమె అద్దం అవతల, తెర ముందు కూర్చుంది. ఆమెకు దయాకర్ కనపడతాడు. నేను కనపడను.

ఆ వారం తలకు తీగలు అంటించి మెదడు నుంచే చూసే రెండో యంత్రం చెడిపోయి ఉంది. బాగయ్యాక అదీ చేద్దామంది డాక్టరమ్మ. పెళ్లిళ్ల కాలం వస్తోందని మేం ఆగలేదు.

మొదటి నాలుగు శబ్దాలకు వాడు సరిగ్గానే నొక్కాడు. అవి లావు శబ్దాలు. తరవాతవి సన్నబడ్డాయి. ఒకటి వచ్చింది, కీచురాయి అన్నట్టు. నాకు స్పష్టంగా వినపడింది. వాడు కదలలేదు. మళ్లీ వచ్చింది, ఇంకొంచెం పెద్దగా. వాడు మీట మీద వేలు పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, ఎదురు చూస్తున్నాడు. బడిలో పంతులు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియని పిల్లవాడి మొహం.

నేను ఆలోచించలేదు. ఆలోచించి చేశానని రాయగలిగితే ఎంత బాగుండేదో. నా కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. బొటనవేలు లేచింది.

వాడు చూశాడు. నొక్కాడు.

ఆ తరవాత గంటసేపు వాడు బాక్సును వినలేదు. నా వేలిని చూశాడు. నేను వింటున్నాను, వాడు నొక్కుతున్నాడు. రెండు చెవులకూ అంతే. అద్దం అవతల నుంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. "బాగుంది దయాకర్, నేను అనుకున్నదానికంటే చాలా నయం."

బస్సులో మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు. వాడు బత్తాయిలు కొని ఒలిచి నాకు పెట్టాడు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ముందు కుడి చెవికి మందు ఎక్కించారు. దానికి ముందు మూడు వారాలు వాడిని ఏ చప్పుడూ లేకుండా ఉంచారు. ఆరో రోజు నుంచి వాడు మారిపోయాడు. ఇంట్లో నేల మీద అరచెయ్యి పెట్టి, "అమ్మా, పట్టాల మీద గూడ్సు బండి పోతాంది, ఇంకా జమ్మికుంట రాలే" అనేవాడు. కాసేపటికి బండి వచ్చేది. కింది శబ్దాలు అంత లోతుగా ఎన్నడూ వినలేదన్నాడు. మా నాయిన డోలు ఇప్పుడు వినాలి నేను, అన్నాడు. పన్నెండో రోజున రెండో చెవికి కూడా ఎక్కించమని పట్టుబట్టాడు. పదహారు రోజులూ ఆగుదామంది డాక్టరమ్మ. వాడు మాటకారి. ఆమెను కూడా ఒప్పించాడు.

పదిహేనో రోజు పొద్దున నేను రొట్టె చేస్తూ పిలిచాను. పలకలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను. వాడు నా పెదవులు చూసి, "గట్టిగ చెప్పు" అన్నాడు. నేను గట్టిగానే చెబుతున్నాను. మొదట పోయింది కుడి చెవి. వారం తిరిగేలోగా ఎడమ చెవీ పోయింది.

ఏం జరిగిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నా పటం ప్రకారం వాడి పై మడి దట్టం. మందు వెళ్లి అక్కడ పీకింది. అక్కడ మిగిలినవే నాలుగు పరకలు, అవీ పోయాయి. నా పటంలో కింది శబ్దాల దగ్గర ఒక గుంట ఉంది, డోలు పక్కన ఏళ్లకేళ్లు కూర్చున్నందుకు నాకు మిగిలింది. మందు తీసుకెళ్లి అక్కడ నాటింది. వాడికి అక్కడ ముందే దట్టం. దట్టం మీద దట్టం పడితే కొన్నాళ్లు పచ్చగా ఏపుగా కనిపిస్తుంది. తరవాత గాలి ఆడక మడి మొత్తం కుళ్లుతుంది.

అయితే అప్పుడు నాకు అది తెలియదు. మందు వికటించిందనుకున్నాను.

మాటలను అక్షరాలు చేసి చూపించే కళ్లజోడు ఒకటి వాడికి ప్రయోగశాల వాళ్లే ఇచ్చారు. నా యాసను అది సగమే పట్టేది. అన్నం తిన్నవా అంటే ఏదో చూపేది, వాడు నవ్వి తీసి పక్కన పెట్టేవాడు. ఒకరోజు పలక, బలపం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వు రాయడం నేర్చుకో. ఇగ నీతోని మాట్లాడాలంటే ఇదొక్కటే తొవ్వ."

"యాభై ఎనిమిదేండ్లకా?" అన్నాను. వాడికి వినపడలేదు కదా, వేళ్లతో చూపించాను.

"నేను ఇరవై ఎనిమిదేండ్లకు చెవిటోన్ని అయిన. ఎవల తొందర ఆళ్లది" అన్నాడు.

రోజుకు నాలుగు అక్షరాలు. వాడి గొంతు అప్పటికే అదుపు తప్పింది. 'అ' అని చెప్పబోతే వీధి చివరకు వినపడేది. పక్కింటి పిల్లలు గోడ అవతల నుంచి మాతోపాటు వల్లించేవాళ్లు. అలా మా ఇంటి చుట్టూ నలుగురైదుగురు నాతోపాటు అక్షరాలు నేర్చుకున్నారు.

గుణింతాల దగ్గర ఉండగా డాక్టర్ హైమవతి మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"భారతమ్మగారూ, తప్పు నాదే. ఆ రెండో యంత్రం బాగయ్యేదాకా ఆగాల్సింది. పటంలో పై వైపు దట్టంగా ఉంది. ఉన్నదాంట్లో పదో వంతే తీయాలని నా లెక్క. అయినా పోయిందంటే, మందు నేను లెక్కించినదానికి పదింతలు పీకుతోందన్నమాట. లెక్క మార్చాను, పీకినదానికి సరిపడా నాటడం పదింతలు చేశాను. ఇకమీదట పై వైపు ముట్టనివ్వను, కింది నుంచి తీయిస్తాను. వచ్చే నెలలో దయాకర్ ఎడమ చెవిని మళ్లీ చూద్దాం. ఏవో కొన్ని మిగిలాయి. కొత్త లెక్కతో తొమ్మిది రోజుల్లో ఇంకొకరికి మొదలుపెడుతున్నాం. జనగామ పిల్ల, స్టేజీల మీద పాడుతుంది, ఎడమ చెవిలో కొంచెం తగ్గింది."

పటంలో పై వైపు దట్టంగా ఉంది, అన్న మాట దగ్గరే నాకు అర్థమైపోయింది. పదిహేనేళ్లు మడిలో వంగి పనిచేసినదాన్ని. ఎక్కడ లేని నారు ఉందని చెప్పానో, అక్కడ పీకించాను. ఆమె లెక్కలో తప్పు లేదు. ఇప్పుడు ఆమె మంచి లెక్కను చెడగొట్టి, ఆ చెడిన లెక్కను ఇంకొక పిల్ల చెవిలో పెట్టబోతోంది.

"చాయ్ పెడత" అని వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు పొయ్యి మీద పెట్టి, పొయ్యి ముట్టించడం మరిచి నిలబడ్డాను. చెప్పేస్తే ఏమవుతుంది? అబద్ధమాడిన మనుషుల చెవి ఆమె మళ్లీ ముడుతుందా? ఎడమ చెవిలో మిగిలిన ఆ కొన్ని పరకలు కూడా పోతాయి. వచ్చే నెల దాకా ఆగి, వాడి చెవి అయ్యాక చెబుదాం అనుకున్నాను. జనగామ పిల్లకు ఏమవుతుందో, ఏమీ కాకపోవచ్చేమో అని కూడా అనుకున్నాను. ఏమవుతుందో తెలిసే అనుకున్నాను.

బయటికి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. దయాకర్ గడపలో కూర్చుని బలపం ముక్కను వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

తొమ్మిది రోజులు నేను గుణింతాలు రాశాను. పదో రోజు, ఇరవయ్యో రోజు. ఇరవై ఎనిమిదో రోజున ప్రయోగశాల నుంచి కబురు వచ్చింది. అన్ని పనులూ ఆపేశారు. జనగామ పిల్ల నవనీతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. డాక్టర్ హైమవతి రాజీనామా రాసి ఇచ్చింది. దయాకర్ చెవి ఇక చూడరు.

ఆ రోజు నేను పలక అందుకుని రాశాను. ఒత్తులు లేకుండా, దీర్ఘాలు లేకుండా, నాకు వచ్చినట్టు. పటం నాది, నీది కాదు. డాక్టరమ్మ వచ్చిన దినమే నాకు ఎరుక. చెప్పలేదు.

వాడు చదివాడు. తుడవలేదు. నా చేతిలోని బలపం తీసుకుని కింద రాసి, నోటితో కూడా చెప్పాడు. వాడి గొంతు ఎప్పటిలా పెద్దగా రాలేదు.

"నాకు గూడ ఆ దినమే ఎరుక. కండ్లజోడుల ఆమె మాటలన్ని చదివిన. చెప్తే నిన్ను దొంగ అంటరని ఊకున్న."

ఒకరినొకరం కాపాడుకోవాలని ఇద్దరం నోరు మూసుకున్నాం. నా కొడుకు నా కోసం, నేను నా కొడుకు కోసం. మంచి తల్లీకొడుకులమే. మా ఇద్దరి మంచితనం మధ్య ఆ పిల్ల చెవి పోయింది.

మర్నాడు హన్మకొండ వెళ్లాం. డాక్టరమ్మ తన గదిలో పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుంటోంది. నేను పలక ఆమె ముందు పెట్టాను. నోటితో చెప్పలేక కాదు. నోటితో అయితే మధ్యలో ఏడ్చి తప్పించుకుంటానని భయం.

ఆమె చదివి నా మొహం చూసింది. "వేలు ఎత్తారా?" అంది. ఎలా ఎత్తానో చూపించాను. ఆమె నన్ను పరీక్ష గదికి తీసుకెళ్లి, ఆ మూల కుర్చీలోనే కూర్చోబెట్టి, మీట చేతికి ఇచ్చింది. తలుపు వేసింది. అవే శబ్దాలు వచ్చాయి. ఈసారి వేలు లేపలేదు, నొక్కాను.

తెర మీద రెండు గీతలు. ఒకటి దయాకర్‌దని రాసి పెట్టుకున్నది, ఒకటి ఆ రోజుది. ఆమె ఒకదాని మీద ఒకటి జరిపింది. రెండూ ఒక్కటే అయ్యాయి. కింద ఆ గుంట కూడా అక్కడే ఉంది.

"వాడి రెండు చెవుల పటాలూ ఒకేలా ఉన్నాయి" అంది ఆమె మెల్లగా. "ఏ మనిషికీ రెండు చెవులు ఒకేలా ఉండవు. అప్పుడే నాకు అనుమానం రావాలి. బాగున్నాయని సంబరపడ్డాను."

"మందు మంచిదే మేడమ్. లెక్క మంచిదే" అన్నాను.

"అవును. మొదటి లెక్క మంచిదే." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ రోజు చాయ్ పెడతానని లోపలికి వెళ్లారు. నేను పది నిమిషాలు ఉన్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఆ పిల్లను ఆపేదాన్ని. మీ అబ్బాయి ఎడమ చెవిని కూడా చూసేదాన్ని, భారతమ్మగారూ. ఎందుకు చూడననుకున్నారు?"

 

డాక్టరమ్మ రాజీనామా వాపసు తీసుకుంది, ప్రయోగశాల మళ్లీ తెరిచారు. అదే మందు, మొదటి లెక్కతో, ఇప్పటికి పద్నాలుగు మందికి చెవులు ఇచ్చింది. అందులో ముగ్గురు డీజేలు. వాళ్లు ఇప్పుడు బిరడాలు పెట్టుకునే బాక్సుల దగ్గర నిలబడతారు, గంటకోసారి దూరం వెళ్లి కూర్చుంటారు. దయాకర్ వాళ్లకు ఆ మాట పలక మీద రాసి చూపిస్తాడు. వాడి ఎడమ చెవిలో మిగిలిన పరకలు మాత్రం మేం నోరు మూసుకున్న ఆ నెలలోనే కుళ్లిపోయాయి. దయాకర్‌కూ, నవనీత ఎడమ చెవికీ ఇక నాటడానికి నారు లేదు.

నవనీత దగ్గరికి వెళ్లమని నాకు ఎవరూ చెప్పలేదు. జనగామలో వాళ్ల ఇల్లు వీధి నల్లా పక్కనే. మధ్యాహ్నం వేళ ఆడవాళ్లు బిందెలతో వరుసలో ఉన్నారు. ఆ పిల్ల అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇరవై మూడేళ్లు ఉంటాయి. ప్రయోగశాల నుంచి వచ్చానంటే పక్కన పీట వేసింది. నేను కూర్చుని, తల వంచుకుని, మొత్తం చెప్పాను. మోకాలు, బొటనవేలు, పటం, చాయ్, తొమ్మిది రోజులు. నల్లా దగ్గర వాళ్లకు వినపడకుండా చాలా మెల్లగా చెప్పాను. ఆ పిల్ల ఈనెలు తీస్తూ మర్యాదగా తల ఊపుతూనే ఉంది. ఎంత మంచి పిల్ల, ఎంత ఓర్పు అనుకున్నాను.

చెప్పడం అయ్యాక ఆమె నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఏమనుకోకు. నువ్వు చెప్పింది ఒక్క ముక్క గూడ వినవడలే. అది పోయిన చెవి. ఈ పక్కకు వచ్చి కూసో. జర గట్టిగ చెప్పు."

నేను పీట తీసుకుని అటు వెళ్లాను. అటువైపే వీధి. బిందెలవాళ్లు మూడు గజాల దూరంలో ఉన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా. నా గొంతు నాకే పరాయిగా ఉంది. నల్లా కింద ఒక బిందె నిండి పొర్లుతోంది, ఎవరూ తీయలేదు.

నవనీత చేతులు ఆగాయి. అంతా విని ఒక్కటే అడిగింది.

"నాకు మందు ఎక్కించే నాటికి నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎన్ని దినాల ముంగట?"

"తొమ్మిది."

ఆమె చిక్కుడుకాయల చాట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. బిందెలవాళ్లు నన్ను చూస్తూ ఉన్నారు. నేను పీట మీదే కూర్చున్నాను. కాసేపటికి లోపల నుంచి ఆ పిల్ల పాట ఎత్తుకోవడం వినపడింది. రెండో చరణం దగ్గర స్వరం కొద్దిగా జారింది. ఆమె ఆపి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే జారింది. ఆమెకు అది తెలుస్తోందో లేదో. నల్లా దగ్గర వాళ్లకు తెలియలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి. నాకు ప్రతిసారీ తెలిసింది.

కొత్వాల భారతమ్మ,
వయసు అరవై ఒకటి,
ప్రస్తుతం హన్మకొండలో, ప్రయోగశాల వెనక గదిలో నా కొడుకుతో ఉంటున్నాను.